నొక్కే ముందు చీటీ

మొన్న మంగళవారం ఉదయం ఎనిమిదీ పదిహేనుకు, మాదాపూర్‌లో మా ఆఫీసు సామాన్ల గదిలో ఒక పాత కంప్యూటర్ తనంతట తాను లేచింది. నేను గుమ్మం దగ్గర జాబితా పట్టుకుని నిలబడి ఉన్నాను. దీపాల కోసం మెయిన్ స్విచ్ వేశాను తప్ప దేన్నీ ముట్టుకోలేదు. ముందు ఒక పొట్టి బీప్ వినిపించింది, తర్వాత ఫ్యాన్ తిరగడం మొదలైంది. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. గురువారం లారీ వచ్చి ఆ గదిలోని నలభై యంత్రాలను తుక్కుకు తీసుకుపోవాలి. ఆ నలభైలో అదొక్కటే లేచింది.

అది ఆ సమయానికే ఎందుకు లేచిందో నాకు తెలుసు. ఫలానా గంటకు లేవమని యంత్రానికి ముందే చెప్పి పెట్టవచ్చు. రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి లోపలి గడియారాన్ని నడుపుతుంటుంది. కరెంటు అందితే చాలు, చెప్పిన గంటకు లేస్తుంది. కారణం తెలిసినా ఒక లెక్క కుదరలేదు. ఆ బ్యాటరీ నాలుగైదేళ్లకు మించి నిలవదు. ఆ యంత్రం ఈ గదిలోకి వచ్చి తొమ్మిదేళ్లయింది. అంటే ఎవరో దాన్ని మారుస్తూ వచ్చారు. ఈ గది తాళంచెవి నిరుటిదాకా ఒక్క మనిషి దగ్గరే ఉండేది. ఆయన పోయిన శ్రావణంలో చనిపోయారు.

ఆయన పేరు యాదగిరి. మా ఆఫీసులో చెడిపోయిన కంప్యూటర్లను బాగుచేసే విభాగానికి పెద్ద. ఇప్పుడు అద్దాల భవనాలున్న చోట గొర్రెలు మేపిన ఇంట్లో పుట్టారు. బోరబండలో ఉండేవారు, లోకల్ రైల్లో వచ్చేవారు. ఇంజనీరింగ్ చదవలేదు. నేను కాకినాడలో చదువుకుని, పట్టా చేతపట్టుకుని వచ్చి ఆయన కింద చేరాను. ఊపిరితిత్తుల్లో ఏదో ఇబ్బంది ఉండేది కాబోలు, ఏ పని మొదలుపెట్టినా ముందు ఒకసారి గొంతు సవరించుకునేవారు. మైకు పనిచేస్తోందో లేదో చూడటానికి అందరూ హలో అంటారు. ఆయన గొంతు సవరించుకుని ఊరుకునేవారు.

నేను చేరిన వారంలో ఒక కంప్యూటర్ లేవడం లేదని పిలుపు వచ్చింది. తెర నీలంగా మారి, తెల్లటి అక్షరాలు వచ్చి, ఆరిపోయి, మళ్లీ అదే. నేను వెళ్లగానే పవర్ బటన్ మీద వేలు పెట్టాను.

"ఆగాగు," అన్నారాయన వెనక నుంచి. "కాకినాడ కాజా అనుకున్నవా, కనవడంగనే నోట్ల వేసుకునేటందుకు?"

"నొక్కకపోతే ఎలా తెలుస్తుందండీ?"

"నొక్కితే ఏదో ఒకటైతది. ఎందుకైందో మాత్రం తెల్వది."

ఆ సీటులోని ఆవిడ భయంగా నిలబడి ఉంది. నువ్వు ఏం చేశావని ఆయన అడగలేదు. "ఆఖరికి ఏం జూసినవమ్మా?" అని అడిగారు. ఆవిడ చెప్పింది. తర్వాత నాతో అన్నారు: "ఏం జేసినవ్ అనడిగితే మనిషి భయపడతడు, అబద్ధమాడతడు. ఏం జూసినవ్ అంటే చెప్తడు. చూసుడు తప్పు గాదు గద."

జేబులోంచి పాత విజిటర్ పాసు ఒకటి తీసి దాని వెనక తెలుగులో మూడు వరుసలు రాశారు. ఏం చూశారో ఒక వరుస. దాన్నిబట్టి ఏమనుకుంటున్నారో రెండోది. ఇప్పుడు ఏం చేయబోతున్నారో మూడోది. నాలుగో వరుసకు చోటు వదిలారు. మెమరీ పట్టీ ఊడదీసి, దాని అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ బిగించారు. గొంతు సవరించుకుని బటన్ నొక్కారు. యంత్రం లేచింది. అప్పుడు నాలుగో వరుసలో "లేచింది" అని రాసి, చీటీని పక్క రేకు లోపలివైపు అంటించి మూసేశారు.

"దవాఖానల మంచానికి కాగితం కడతరు సూడు, గట్ల," అన్నారు. "రేపు ఇంకోడు విప్పుతడు. మనమేమనుకున్నమో వానికి తెల్వాలె."

"అదేదో బాగయ్యాక రాయొచ్చు కదండీ?"

"నొక్కినంక రాస్తే మనిషి తెలివిమంతుడైతడు వసుధమ్మా. అంతా ముందే తెల్సినట్టు రాస్తడు. నొక్కకముందే రాయాలె. ఇంకోటి, అనుమానం రాయి. ఆశ రాయకు."

మా భవనంలో ఏ యంత్రం రేకు విప్పినా లోపల ఆయన చేతిరాత ఉండేది. కొన్నింట్లో నాలుగైదు చీటీలు, ఒకదాని పక్కన ఒకటి. బయటినుంచి చూస్తే అన్నీ ఒకేలాంటి నల్ల పెట్టెలు. నేను చదువుకున్న పుస్తకాల్లో ఇలాంటి పద్ధతి లేదు. మొదట్లో చాదస్తమనుకున్నాను.

కిరణ్ సంగతి ఆ మరుసటి ఏడాది జరిగింది. అతను ఆరో అంతస్తులో పనిచేసేవాడు. ఫోన్లో మాట స్పష్టంగా వెళుతోందో లేదో పరీక్షించే పని. టీము వచ్చేసరికి పరీక్ష అయిపోవాలని, తన యంత్రం రోజూ ఎనిమిదీ పదిహేనుకు లేచి, తను ముందే రికార్డు చేసిన మాటను స్పీకరులో వినిపించేలా పెట్టుకున్నాడు. "హలో, వినిపిస్తోందా? వినిపిస్తే చెయ్యెత్తండి." తొందరగా వచ్చిన ఇద్దరు ముగ్గురు నవ్వుతూ చెయ్యెత్తేవారు. అదొక ఆట అయిపోయింది.

ఒక శనివారం కిరణ్ అవుటర్ రింగ్ రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు. సోమవారం ఉదయం నేను అదే వరుసలో ఒక కీబోర్డు మారుస్తున్నాను. ఎనిమిదీ పదిహేనుకు అతని యంత్రం లేచింది. "హలో, వినిపిస్తోందా? వినిపిస్తే చెయ్యెత్తండి" అంది. పక్క సీటు అనిత చెయ్యెత్తింది. ఎత్తాక గుర్తొచ్చింది. ఆ చేతిని వెంటనే దించలేకపోయింది.

ఆ రోజు అనిత యాదగిరి గారి దగ్గరికి వచ్చి, "దాన్ని ఆపేయండి సార్, భయమేస్తోంది," అంది. మర్నాడు తనే మళ్లీ వచ్చి, "వద్దు సార్, ఉండనీయండి. ఆపితే ఇంకా ఏదోలా ఉంటుంది," అంది.

"ఆపుడు ఒక్క నిమిషం పనమ్మా. ముందుగాల మీరందరు ఒక్క మాట మీదికి రాండ్రి," అన్నారాయన.

వాళ్లు ఒక్క మాట మీదికి రాలేదు. మూడు వారాలు ఆ యంత్రం రోజూ లేచి అడిగింది. కొందరు కావాలనే ఎనిమిదిన్నర దాటాక వచ్చేవారు. కొందరు అది వినడానికే ముందుగా వచ్చి కూర్చునేవారు. మేనేజరు ఆ సీటు ఎవరికీ ఇవ్వలేదు.

అప్పుడు కిరణ్ చెల్లెలు స్వప్న ఆఫీసుకు ఫోన్ చేసింది. అప్పట్లో ఆ అన్నాచెల్లెళ్లు మూసాపేటలో కిరాయికి ఉండేవారు. అన్నయ్య గొంతు ఉన్నది ఇంట్లో ఏదీ లేదని, అతని ఫోను ప్రమాదంలో నుజ్జయిపోయిందని, ఆఫీసులో రోజూ వినిపిస్తుందట కదా, దాన్ని ఇస్తారా అని అడిగింది. మేనేజరు ఒప్పుకున్నారు. మర్నాడు పదకొండు గంటలకు రమ్మన్నారు. పొద్దున్నే కాపీ తీద్దామని యాదగిరి గారు నాతో అన్నారు.

ఆ మర్నాడు అది లేవలేదు.

ఎనిమిదీ ఇరవైకి అనిత ఫోన్ చేసింది. "వసుధా, ఇవాళ అది మాట్లాడలేదు." ఆమె గొంతులో మొదటి రోజు కంటే ఎక్కువ భయం ఉంది. రైలు ఆలస్యమై యాదగిరి గారు ఇంకా రాలేదు. నేను ఒక్కదాన్నే వెళ్లాను. వరుసంతా నన్నే చూస్తోంది. బటన్ నొక్కాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. డిస్కులో లోపాలున్నాయి, సరిచేయమంటావా అని అడిగింది. పదకొండింటికి ఆవిడ వస్తుందన్నదే నా మనసులో ఉంది. చీటీ రాయలేదు. సరే అని నొక్కాను.

అంకెలు నెమ్మదిగా నూరు దాకా ఎక్కాయి. యంత్రం ఆగి, మళ్లీ లేచింది. తెర శుభ్రంగా వచ్చింది. అనిత చప్పట్లు కొట్టబోయింది. పరీక్ష ప్రోగ్రాం తెరుచుకుంది. అయిదు సెకన్ల పాటు స్పీకరులోంచి సన్నని గాలి చప్పుడు వచ్చి ఆగిపోయింది. అంతా ఉంది, మాట మాత్రం లేదు.

యాదగిరి గారు తొమ్మిది దాటాక వచ్చారు. తెర వైపు చూశారు, నా వైపు చూశారు.

"చీటీ ఏది?"

తల అడ్డంగా ఊపాను.

"అది అడిగిందానికల్లా ఊకొడతవా?" అన్నారు. కోపంగా కాదు. యంత్రం పక్కన కూర్చుని చెప్పారు: "డిస్కు సస్తున్నప్పుడు దాంతోని పని చేపియ్యొద్దు బిడ్డా. లోపలున్నది ముందు బయటికి తెచ్చుకోవాలె. నువ్వు దాన్నే ఇల్లు సర్దుకొమ్మన్నవ్. దానికి అర్థంగానియన్నీ చెత్త అనుకుని పారేసింది."

పాసు ఒకటి నా ముందు పెట్టారు. "రాయి. నొక్కినంక రాసేది సగం అబద్ధమే. అయినా రాయి."

రాశాను. చివర ఆగాను. "నా పేరు కూడా రాయాలాండీ?"

"మరి నాది రాస్తవా?"

నా పేరు రాశాను. ఆయన దాన్ని తీసుకుని రేకు లోపల అంటించారు. ఆ పూట ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది. తప్పు తన మీద వేసుకుంటారని లోలోపల ఆశపడ్డానని ఇప్పుడు ఒప్పుకోవచ్చు. అలా చేసి ఉంటే ఆయన్ని గౌరవించేదాన్ని. కానీ ఆ రోజును ఏనాడో మరిచిపోయి ఉండేదాన్ని.

స్వప్న పదకొండింటికి వచ్చింది. చేతిలో కొత్త పెన్‌డ్రైవ్ ఉంది, ఇంకా అట్ట కూడా విప్పలేదు. యాదగిరి గారు లేచి నిలబడి, "మా చేతులల్లనే పోయింది తల్లీ," అన్నారు. ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఎవరు చేశారు?"

ఆయన నా వైపు చూడలేదు. "నేనండీ," అన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పెన్‌డ్రైవ్‌ను బ్యాగులో పెట్టుకుని, "మీరు రోజూ విన్నారా?" అంది.

"విన్నానండీ."

"ఏమనేవాడు? వాడు అన్నట్టే చెప్పండి."

చెప్పాను. హలో దగ్గర అతను కాస్త సాగదీసేవాడు, నేనూ సాగదీశాను. ఇంకోసారి అంది. మళ్లీ చెప్పాను. మూడుసార్లు చెప్పించుకుని లేచింది. యాదగిరి గారు లిఫ్టు దాకా తోడు వెళ్లారు. అక్కడ ఇద్దరూ ఏదో మాట్లాడుకోవడం అద్దంలోంచి కనిపించింది, వినిపించలేదు.

తర్వాతి ఉదయం ఎనిమిదీ పదిహేనుకు యంత్రం లేచి అయిదు సెకన్లు గాలి చప్పుడు వినిపించింది. అది ఆగాక అనిత చెయ్యెత్తింది. ఆ రోజే మేనేజరు ఆ యంత్రాన్ని తీసేయమన్నారు. విడిభాగాలకు పనికొస్తుందని చెప్పి యాదగిరి గారు సామాన్ల గదిలో పెట్టించారు. అప్పటినుంచి మేమిద్దరం దాని మాట ఎత్తలేదు. ఎన్నో ఏళ్లు కలిసి పనిచేశాం. ఆయన నాకు సెలవుపెట్టమని చెప్పిన రోజులున్నాయి, నేను ఆయన్ని దవాఖానకు వెళ్లమని పోరిన రోజులున్నాయి. "పెద్ద డాక్టరమ్మవైనవ్. నాకేమైందో చీటీ రాసిపెట్టు, పోయి చూపిస్త," అని నవ్వేవారు. చివరికి వెళ్లేసరికి ఆలస్యమైంది. పది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. మాట్లాడలేకపోయారు. నేను చెయ్యి పట్టుకున్నాను, అంతే.

అందుకే మొన్న ఆ బీప్ విన్నాక చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. తర్వాత ప్లగ్గు తీసి రేకు విప్పాను.

నా చీటీ అలాగే ఉంది. సిరా వెలిసి గోధుమరంగు తిరిగింది. దాని కింద ఆయన చేతిరాతతో ఒకటి: "మొదటి దినమే నకలు తియ్యాల్సింది. తియ్యలేదు. యాదగిరి." దాని పక్కన స్వప్న ఫోను నంబరు, "దొరికితే చెప్తనని మాటిచ్చిన" అని. ఆ తర్వాత వరుసగా పదకొండు చీటీలు. చెడిన డిస్కులో మిగిలిందాన్ని మరో డిస్కులోకి ఎత్తి, ఆ నకలు మీద ఏళ్ల తరబడి వెతికారు. పోయిన ఫైళ్లను తవ్వి తీసే ప్రోగ్రాం కొత్తది వచ్చినప్పుడల్లా ఒకసారి ప్రయత్నించారు. ప్రతిసారీ మూడు వరుసలు ముందే రాశారు. నాలుగో వరుసలో "రాలేదు." "రాలేదు." "రాలేదు." మధ్యలో రెండు చోట్ల "బ్యాటరీ మార్చిన" అని ఉంది. ఆ ఎనిమిదీ పదిహేను అలారం ఎందుకు తీసేయలేదో ఎక్కడా రాయలేదు.

పదకొండో చీటీ ఆయన ఆస్పత్రిలో చేరడానికి రెండు రోజుల ముందుది. మూడో వరుసలో ఏ ప్రోగ్రాంను ఎలా నడపాలో రాసి, "రేపు పొద్దుగాల నొక్కుత" అని ముగించారు. నాలుగో వరుస ఖాళీగా ఉంది.

తెరా కీబోర్డూ తెచ్చి తగిలించాను, స్పీకరు పెట్టాను. కొత్తగా రాయాల్సిందేమీ లేదు. నొక్కే ముందు రాయాల్సినదంతా ఆయనే రాసి ఉంచారు. మూడో వరుసలో ఉన్నట్టే చేసి నొక్కాను. అంకెలు మధ్యాహ్నం రెండున్నర దాకా నడిచాయి. చివర ఒకే ఒక్క శబ్దపు ఫైలు దొరికింది. దాని నిడివి రెండు సెకన్లు.

విన్నాను. ఎవరో మనిషి గొంతు సవరించుకున్నారు. తర్వాత కుర్చీ కిర్రుమంది. అక్కడికి తెగిపోయింది.

హలో అనే ముందు కిరణ్ గొంతు సవరించుకునేవాడో లేదో ఎంత గుర్తుచేసుకున్నా గుర్తు రాలేదు. యాదగిరి గారు మైకును అలాగే పరీక్షించేవారు. ఏదో ఒక రోజు ఈ గదిలో, ఈ యంత్రం ముందు కూర్చుని పరీక్షించి ఉండవచ్చు. ఇరవైసార్లు విన్నాను. ఒకసారి అతనిలా ఉంది, ఒకసారి ఆయనలా ఉంది. కలం తీసి ఆయన చీటీ నాలుగో వరుసలో రాశాను: "రెండు సెకన్లు వచ్చింది. గొంతు సవరించుకున్న చప్పుడు. ఎవరిదో తెలియదు." ఇంకో మాట రాయాలనిపించింది. అది ఆశ. రాయలేదు.

మేనేజరు అనుమతితో ఆ రెండు సెకన్లను నా ఫోనులోకి తీసుకుని, చీటీలోని నంబరుకు ఫోన్ చేసి, బుధవారం సాయంత్రం నల్లగండ్ల వెళ్లాను. స్వప్న ఇప్పుడు అక్కడ ఉంటోంది. తలుపు తీసి నన్ను గుర్తుపట్టింది. యాదగిరి గారు పోయిన సంగతితో సహా జరిగిందంతా చెప్పాను. అది వాళ్ల అన్నయ్యది కావచ్చు, యాదగిరి గారిది కావచ్చు అని కూడా చెప్పాను. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మూడుసార్లు వింది.

"నాకూ తెలీడం లేదండీ," అంది చివరికి. "ఇన్నేళ్లయింది కదా." ఇయర్‌ఫోన్ తీసి, "ఆయన ఏటా ఒకసారి ఫోన్ చేసేవారు. ఇంకా దొరకలేదమ్మా, చూస్తున్నా అని. పోయినేడు రాలేదు. విసుగొచ్చి మానేశారేమో అనుకున్నాను," అంది.

నేను తల దించుకున్నాను.

"మీకో సంగతి చెప్పనా? ఏమీ అనుకోకండి. వాడు ఏం మాట్లాడినట్టు గుర్తుచేసుకున్నా నాకు మీ గొంతే వినిపిస్తుంది. ఆ రోజు నుంచీ అంతే. వాడి గొంతు ఎప్పుడు పోయిందో కూడా తెలీలేదు."

ఇయర్‌ఫోన్ తిరిగి నా చేతికిచ్చింది.

"ఇంకోసారి చెప్పండి," అంది.

చెప్పాను. హలో, వినిపిస్తోందా? వినిపిస్తే చెయ్యెత్తండి. నా మాట నాకే కొత్తగా, దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది. ఆమె కళ్లు మూసుకుని చెయ్యెత్తింది. ఎత్తి చాలాసేపు అలాగే ఉంచింది.

గురువారం లారీ వచ్చింది. చీటీలన్నీ ఊడదీసి, నాదీ ఆయనవీ కలిపి నా దగ్గర పెట్టుకున్నాను. అలారం తీసేసి, యంత్రాన్ని మిగతావాటితో పాటు ఎక్కించాను. ఏది చేయబోయినా ముందు ఒక కాగితం మీద మూడు వరుసలు రాసుకునే అలవాటు నాకుంది, ఫోన్ చేయబోయే ముందు కూడా. ఆశకూ అనుమానానికీ తేడా అక్కడే తెలుస్తుంది. ఆఫీసులో ఇప్పుడు అందరికీ పలచటి లాప్‌టాప్‌లు. లేవకపోతే అట్టపెట్టెలో పెట్టి పంపేస్తాం, సాయంత్రానికి ఇంకోటి వస్తుంది. మా దగ్గర ఇప్పుడు చెడిన యంత్రాన్ని ఎవరూ విప్పరు.